గాలానికి కట్టేది బరువా, గుండా?

సందేహం: పిల్లల కోసం భౌతికశాస్త్ర పాఠం ఒకటి తెలుగులో రాస్తున్నాను. అందులో ఇలా రాశాను: "గాలపు కర్రతో బరువును విసిరినప్పుడు కర్రలోని బలం బరువుకు అంది, అది అపకేంద్ర బలంతో దూరంగా ఎగిరిపోతుంది. బరువు ఎంత ఎక్కువైతే అంత దూరం వెళ్తుంది." బరువు అనకూడదు, ద్రవ్యరాశి అనాలని ఒక మిత్రుడు అంటున్నాడు. గాలం 'వేస్తారు' గాని 'విసరరు' అని మరొకరు అంటున్నారు. ఏది సరైనది? గాలమా, గేలమా అన్నది కూడా చెప్పగలరు.

సమాధానం: మీ మిత్రులిద్దరూ తప్పు పట్టవలసిన చోట పట్టలేదు. ద్రవ్యరాశిని విసిరాడని రాస్తే వాక్యం శాస్త్రీయం కాదు సరికదా, నవ్వులపాలవుతుంది. ద్రవ్యరాశిని కిలోగ్రాముల్లో కొలుస్తాం గాని చేత్తో పట్టుకుని విసరలేం. అలాగని 'బరువును విసరడం' కూడా తెలుగు నుడికారం కాదు. బరువు మోస్తాం, ఎత్తుతాం, దించుకుంటాం. మన మీద ఉన్నంతసేపే అది బరువు. చేయి దాటి గాలిలోకి పోయేదానికి తెలుగులో దాని రూపాన్నో పదార్థాన్నో బట్టి పేరు పెడతారు: రాయి, బిళ్ళ, గుండు. తక్కెడలో వేసేదాన్ని చూడండి. అది ఇనుముతో చేసినదైనా తూనికరాయే. గాలపు దారానికి కట్టే సీసపు ముద్ద కూడా అలాగే గుండు. గుండు అనగానే పిల్లలు క్షవరం గుర్తొచ్చి నవ్వుతారనుకుంటే 'సీసపు గుండు' అనండి. నవ్వినా నష్టం లేదు, ఆ గుండూ గుండ్రటిదే.

మరి బరువు అన్న మాటకు చోటెక్కడ? 'గుండు బరువు 100 గ్రాములు' అనడం వ్యవహారం. పాఠ్యపుస్తకం దీన్నే రెండుగా విడదీస్తుంది: ద్రవ్యరాశి 100 గ్రాములు, భారం సుమారు 0.98 న్యూటన్లు. వాడుకలో బరువూ భారమూ చాలా చోట్ల ఒకటే. శాస్త్రం మాత్రం భారాన్ని భూమి లాగే బలానికి కేటాయించుకుని, బరువును మన మాటలకు వదిలేసింది. లెక్క వేసే పేరాలో ఈ మూడు మాటలనూ కలగలపకుండా ఉంటే చాలు.

ఇక 'విసరడం'. మీరు తెలిసి వాడారో, అలవాటుగా వచ్చిందో గాని, ఇంతకన్న మంచి క్రియ దొరకదు. విసనకర్రతో గాలి విసురుతాం, తిరగలిలో పిండి విసురుతాం, రాయి విసురుతాం. మూడు పనుల్లోనూ చేయి వంపు తిరుగుతుంది. గాలపు కర్ర చేసేదీ అదే కదా! కొన పెద్ద వంపులో తిరుగుతూ గుండుకు వడి ఎక్కిస్తుంది. 'రువ్వడం' అంటే వంపు కనబడదు, కసి కనబడుతుంది. రాళ్ళు రువ్వడానికే దాన్ని ఉంచుదాం. 'గాలం వేయడం' మాత్రం మొత్తం పని పేరు. ఎర గుచ్చడం దగ్గరి నుంచి చేప కోసం కాచుకుని కూర్చోవడం దాకా అన్నీ అందులోకే వస్తాయి. మనుషులకు కూడా గాలం వేస్తారనడం అందుకే. కాబట్టి గాలం వేస్తారు, గుండు విసురుతారు. కర్రను మాత్రం విసరకండి, అది కూడా నీళ్ళలో పడుతుంది. కర్రను ఝళిపిస్తారు.

అసలు తప్పు 'అపకేంద్ర బలంతో' అన్న చోట ఉంది. అక్కడి 'తో' తృతీయా విభక్తి. గుండును తీసుకుపోయే సాధనం ఆ బలమేనని అది చెబుతుంది. కాని గుండు వంపులో తిరుగుతున్నంతసేపూ దారం దాన్ని లోపలికి లాగుతూ ఉంటుంది. ఆ లాగుడు పేరు అభికేంద్ర బలం. అది చిన్నదేమీ కాదు. 100 గ్రాముల గుండు 4 మీటర్ల వ్యాసార్ధంతో, సెకనుకు 40 మీటర్ల వడితో తిరుగుతుంటే దారం 40 న్యూటన్లతో లాగాలి. అంటే నాలుగు కిలోల వస్తువు వేలాడుతున్నంత బిగువు. బలహీనమైన దారం పుటుక్కున తెగేది ఇక్కడే. వేలు దారాన్ని వదలగానే ఆ లాగుడు పోతుంది. గుండు అప్పటికి ఏ దిక్కుకు పోతున్నదో ఆ దిక్కుకే, అంటే స్పర్శరేఖ వెంట బయలుదేరుతుంది. దాన్ని బయటికి తోసే బలమంటూ ఏదీ లేదు. గుండుతో పాటు తిరుగుతూ చూసేవారు లెక్క కుదరడానికి కల్పించుకునేదే అపకేంద్ర బలం. ఒడ్డున నిలబడి చూసే పిల్లలకు దాని అవసరం లేదు.

'కర్రలోని బలం' అన్నదీ ఇలాంటిదే. ఇంట్లో అయితే 'వాడి ఒంట్లో బలముంది' అంటాం, ఎవరూ కాదనరు. పాఠంలో మాత్రం బలం ప్రయోగించేది, శక్తి నిల్వ ఉండేది. వంగిన కర్ర దాచుకున్నది శక్తి.

నేను పైన వడి అన్నాను, వేగం అనలేదు. పాఠ్యపుస్తకాల ప్రకారం వేగానికి దిశ ఉంటుంది, వడికి ఉండదు. 'వేగం మారకుండా వంపులో తిరిగింది' అంటే శాస్త్రం ఒప్పుకోదు. వడి మారకుండా అంటే సరే. దారానికి పడే మెలికను కూడా వడి అంటారు. గాలపు దారం విషయంలో ఆ వడి పెద్ద తలనొప్పి, కాని అది వేరే సంగతి.

చివరి వాక్యంలోని 'ఎంత... అంత' జంట ప్రమాదకరమైనది. దానికి హద్దు ఉండదు. ఒకే వడితో, 45 డిగ్రీల కోణంలో వదిలితే, గాలి అడ్డు లేదనుకుంటే, బరువు ఎంతైనా దూరం ఒకటే: సెకనుకు 30 మీటర్లయితే సుమారు 92 మీటర్లు. గాలి ఉంది కాబట్టే బరువైన గుండుకు లాభం. ఎనిమిది రెట్లు బరువైన సీసపు గుండు వ్యాసం రెండింతలే, గాలికి అడ్డుపడే వైశాల్యం నాలుగింతలే. అందుకే దాని వడి నెమ్మదిగా తగ్గుతుంది. అయితే అంత బరువుకు అదే చేయి, అదే కర్ర అదే వడిని ఇవ్వలేవు. మరీ బరువైతే కర్ర వంగుతుంది గాని సమయానికి నిటారు కాదు. 'కర్రకు తగినంత బరువుంటే' అని రాస్తే సరిపోతుంది.

మీ వాక్యాలను నేనైతే ఇలా రాస్తాను: "గాలపు కర్రను ఝళిపిస్తే అది వంగి శక్తిని దాచుకుంటుంది. నిటారవుతూ ఆ శక్తిని గుండుకు అందిస్తుంది. దారం వదలగానే గుండు తాను పోతున్న దిక్కుకే దూసుకుపోయి, భూమి లాగడం వల్ల క్రమంగా వంగి నీళ్ళలో పడుతుంది. గుండు కర్రకు తగినంత బరువుంటే ఎక్కువ దూరం వెళ్తుంది."

గాలం, గేలం రెండూ వాడుకలో ఉన్నాయి, రెండూ ఒప్పే. ఒక పాఠంలో ఒకటే వాడండి.