మౌత్ వాష్ వాడితే పళ్ల క్లిప్పులు ఊడిపోతాయా?

ప్రశ్న: మా పాపకు 14 ఏళ్లు. ఎత్తుపళ్లకు రెండు నెలల కిందట క్లిప్పులు వేయించాం. అంతకు ముందు చిగుళ్లు వాచి రక్తం వస్తుంటే డాక్టర్ క్లోర్‌హెక్సిడిన్ మౌత్ వాష్ రాసిచ్చారు. వారం రోజులు వాడాక క్లిప్పులు పెట్టారు. ఇప్పటికే మూడు ఊడిపోయాయి, మూడూ కింది వరసలోవే. ఆ మందు వల్లే జిగురు పట్టలేదని తెలిసినవాళ్లు అంటున్నారు. టెన్షన్ పడి మౌత్ వాష్ మాన్పించాం. మంచి పనే చేశామా?
- ఒక తల్లి, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, తప్పు మౌత్ వాష్‌ది కాదనే అనుకుంటున్నాను. క్లిప్పులు పెట్టడానికి ముందు క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలిస్తే అతుకు బలం చెప్పుకోదగ్గంత తగ్గదని ల్యాబ్ పరీక్షల్లో తేలింది. అయితే మీవాళ్ల అనుమానం పూర్తిగా గాలి మాట కూడా కాదు. అదే మందు పడకూడని సమయంలో పంటి మీద పడితే అతుకు దెబ్బతింటుంది.

బ్రాకెట్ (మీరు క్లిప్పు అంటున్న, పంటికి అతికించే చిన్న ముక్క) పెట్టే ముందు పంటి మీది పాచి తీసేసి ఒక జెల్ రాస్తాం. అందులో ఉండేది 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్. 15 నుంచి 30 సెకన్లు ఉంచి, బాగా కడిగి, గాలి కొట్టి ఆరబెడతాం. అప్పుడు నిగనిగలాడే పన్ను కాస్తా సుద్దముక్కలా తెల్లబడుతుంది. పంటి గట్టి పై పొర ఎనామిల్‌లో కంటికి ఆనని సన్నటి రంధ్రాలు పడ్డాయనడానికి అదే గుర్తు. పైన రాసే ప్రైమర్ అనే పల్చటి జిగురు ఆ రంధ్రాల్లోకి దిగి, లైటు పెట్టగానే గట్టిపడి వేళ్లలా పాతుకుపోతుంది. బ్రాకెట్ నిలబడేది ఆ పట్టు మీదే. ఆ తెల్లటి చోట కాస్త ఉమ్మి తగిలినా రంధ్రాలు మూసుకుపోతాయి, పని మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

మీ పాప పుక్కిలించిన మందు ఈ జెల్ కంటే ముందటిది. జెల్ రాసి కడిగినప్పుడే దాని జాడ చాలావరకు పోతుంది. అలా కాకుండా జెల్ కడిగాక, జిగురు పెట్టకముందు, సూక్ష్మజీవులను చంపే వార్నిష్ (పంటి మీద పూసే పూత మందు) ఏదైనా పూసి వదిలేస్తే అది ఉమ్మిలాగే అడ్డుపడుతుంది. అందుకే నేనైతే వార్నిష్‌లన్నీ బ్రాకెట్ అతికించాకే, దాని చుట్టూ పూస్తాను. యాంటీబయాటిక్ మాత్రలకూ ఈ అతుకుకూ సంబంధం లేదు. పళ్లు తెల్లబడటానికి చేసే బ్లీచింగ్ మాత్రం వేరు. పంటిలో మిగిలిన ఆక్సిజన్ జిగురును గట్టిపడనివ్వదు కాబట్టి కనీసం రెండు వారాలు ఆగాలి.

మీరు రాసినదాంట్లో నేను పట్టించుకున్నది చిగుళ్ల వాపు. అది పూర్తిగా తగ్గకుండానే క్లిప్పులు పెట్టి ఉంటే, చిగురు అంచు నుంచి ఊరే తడి, రక్తం ఆ తెల్లటి చోటికి చేరి ఉండొచ్చు. కింది పళ్ల దగ్గర ఉమ్మి కూడా ఎక్కువ. ఆ లెక్కన చిగుళ్లను నయం చేసే మందు అతుకుకు మేలే చేస్తుంది. మరో రెండు సంగతులు కూడా చూడాలి. నోరు మూసినప్పుడు పై పళ్లు కింది బ్రాకెట్లకు తగులుతున్నాయా? పాప సకినాలు, చెరకు, మటన్ బొక్కలు కొరుకుతోందా? మీది నల్లగొండ జిల్లా కదా, చిన్నప్పుడు బోరు నీళ్లు తాగి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ ఉన్న పంటి మీద జెల్ మామూలుగా పనిచేయదు, ఎక్కువ సేపు ఉంచడమో, పై పొరను కొద్దిగా అరగదీయడమో అవసరం కావచ్చు.

ఊడిన బ్రాకెట్‌ను పారేయకుండా చిన్న కవర్లో వేసి తీసుకెళ్లండి. దాని వెనక జిగురంతా ఉండి, పన్ను నున్నగా కనిపిస్తే చాలాసార్లు లోపం పంటి వైపు పట్టులోనే, అంటే తడి తగలడమో ఫ్లోరోసిసో. జిగురు పంటి మీదే ఉండిపోతే బ్రాకెట్ వైపు పట్టు వదిలిందని అర్థం.

చిగుళ్లు ఇంకా వాచి ఉంటే మీ డాక్టర్‌ను అడిగి మౌత్ వాష్ మళ్లీ మొదలుపెట్టండి. సాధారణంగా రెండు వారాలు చాలు. నెలల తరబడి వాడితే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి, రుచి మారుతుంది. పేస్ట్‌తో తోమిన వెంటనే కాకుండా అరగంట ఆగి పుక్కిలించాలి, లేకపోతే పేస్ట్‌లోని నురగ పదార్థం మందు పనిని తగ్గిస్తుంది. బ్రాకెట్ చుట్టూ పాచి పేరుకుంటే నెల రోజుల్లోనే పంటి మీద తెల్ల మచ్చలు రావచ్చు. క్లిప్పులు తీశాక కూడా అవి అలాగే ఉండిపోయిన పిల్లల్ని చూసినప్పుడు నాకు బాధేస్తుంది. అందుకే రాత్రి ఫ్లోరైడ్ పేస్ట్‌తో తోమాక, వైరు కింద చిన్న బ్రష్‌తో పాచి తీయించండి.

ఊడిన వాటిని తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా వదిలేయకండి, ఆ పళ్లు కదలడం ఆగిపోతుంది. ఈలోగా వైరు బుగ్గకు గుచ్చుకుంటే క్లినిక్‌లో ఇచ్చే మైనం చిటికెడు అక్కడ అద్దండి.