గ్యాస్ బండ గుర్తుకి 17 శాతం

చెల్లాయ్,

శ్రీలంక ఎన్నికల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది. విషయం మీద నీకున్న శ్రద్ధ ప్రతి పేరాలో కనబడుతోంది. అందుకే రెండు ముక్కల్లో మెచ్చుకుని వదిలెయ్యకుండా వివరంగా రాస్తున్నాను.

"ఆకలి కడుపులు ఓటేశాయి, పాలకులు కొట్టుకుపోయారు" అని మొదలుపెట్టావు. చదవగానే బాగానే పట్టుకుంటుంది. చిక్కేమిటంటే, ఆ వాక్యం రాశాక ఇక నీకు వెతకడానికి ఏమీ మిగల్లేదు. తర్వాతి పేరాలన్నీ దాన్ని సమర్థించడానికే సరిపోయాయి.

ఒక్కసారి తేదీలు వరసగా పెట్టుకుని చూడు. 13 గంటల కరెంటు కోతలు, పెట్రోలు బంకుల ముందు రాత్రింబవళ్లు క్యూలు, కాగితం లేక బడి పరీక్షలు వాయిదా పడటం, ఇవన్నీ 2022 మొదటి ఏడెనిమిది నెలల సంగతులు. విదేశీ అప్పులు కట్టలేమని ఆ దేశం చేతులెత్తేసింది ఏప్రిల్ 12న. జనం అధ్యక్ష భవనంలోకి చొచ్చుకెళ్లింది జూలై 9న. నాలుగు రోజులకే అధ్యక్షుడు గొటబాయ రాజపక్స దేశం దాటి పోయాడు. అధ్యక్ష ఎన్నిక జరిగింది మాత్రం 2024 సెప్టెంబర్ 21న. అంటే నువ్వు చెప్పిన ఆ పాలకుడు ఓటు రాకముందే పోయాడు. మధ్యలో రెండేళ్ల పైచిలుకు కాలం ఉంది. నీ వ్యాసంలో ఆ కాలం లేదు. ఎన్నిక తయారైంది ఆ రెండేళ్లలోనే.

ఆ రెండేళ్లూ దేశాన్ని నడిపింది రణిల్ విక్రమసింఘే. 2020 పార్లమెంటు ఎన్నికల్లో ఆయన తన సీటే పోగొట్టుకున్నాడు, ఆయన పార్టీకి దక్కింది ఒకే ఒక్క స్థానం. అలాంటి మనిషిని 2022 జూలైలో 134 మంది ఎంపీలు అధ్యక్షుణ్ని చేశారు. జనం ఎన్నుకోలేదు. 2023 మార్చిలో జరగాల్సిన స్థానిక ఎన్నికలు కూడా డబ్బుల్లేవని ఆగిపోయాయి. జనానికి ఓటు చీటీ మళ్లీ చేతికొచ్చేసరికి 2024 వచ్చింది.

అయితే లెక్కల్లో చూస్తే రణిల్ పని బాగానే సాగింది. అంతర్జాతీయ ద్రవ్యనిధి ఐఎంఎఫ్‌తో దాదాపు 290 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. 2022 సెప్టెంబర్‌లో 70 శాతం దగ్గరున్న ద్రవ్యోల్బణం 2024 సెప్టెంబర్‌కి సున్నా కిందికి దిగింది. క్యూలు పోయాయి, కరెంటు వచ్చింది. నువ్వన్నట్టు ఆకలే ఓటేస్తే, అన్నం దొరికేలా చేసిన మనిషికి ఓట్లు పడాలి. ఆయనకి వచ్చింది 17.27 శాతం. మూడో స్థానం.

నీ వ్యాసం ఇక్కడ మొదలవ్వాలని నాకనిపిస్తోంది. ఆ ఎన్నికలో స్వతంత్రంగా నిలబడ్డ రణిల్ గుర్తు ఏమిటో తెలుసా? గ్యాస్ బండ. వీధిలో బండ దొరికేలా చేసింది నేనే అని గుర్తు చేసే గుర్తు. దాని ధర చూడు. 2021లో, ధరల మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేయక ముందు, 12.5 కిలోల బండ 1,500 లంక రూపాయల లోపే. 2022 ఏప్రిల్ చివరికి 4,800 దాటింది. ఎన్నిక నాటికి 3,700 దగ్గరికి దిగింది. ప్రభుత్వం 4,800 నుంచి కిందికి లెక్కపెట్టుకుంది. గృహిణి 1,500 నుంచి పైకి లెక్కపెట్టుకుంది. ఇద్దరి లెక్కా తప్పు కాదు. ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు పెరిగే వేగం తగ్గిందని అర్థం. ఎక్కిన ధర పాత చోటికి దిగిరావాలని లేదు. మన పత్రికల్లో కూడా "ద్రవ్యోల్బణం తగ్గింది" అని వార్త వచ్చిన రోజు సంతలో ఎవరికీ ఆ తేడా కనబడదు. ఈ సంగతి పాఠకుడికి విప్పి చెప్పగలిగితే నీ వ్యాసం సగం గెలిచినట్టే.

ధర రాసిన చోటల్లా పక్కన కూలి కూడా రాయి. తేయాకు తోటల కూలీలకి 2021లో రోజుకి 1,000 రూపాయలు ఖాయమయ్యాయి. 2024లో ప్రభుత్వం దాన్ని 1,700 చేస్తూ ఉత్తర్వు ఇస్తే తోటల కంపెనీలు కోర్టుకెక్కాయి. వెయ్యి రూపాయల కూలితో చూస్తే, 2021లో ఒకటిన్నర రోజు పనికి వచ్చిన బండకి ఎన్నిక నాటికి మూడున్నర రోజులకి పైగా పనిచెయ్యాల్సి వచ్చింది. దానికి తోడు కరెంటు ఛార్జీలు 2022 ఆగస్టులో సగటున 75 శాతం, 2023 ఫిబ్రవరిలో ఇంకో 66 శాతం పెరిగాయి. వ్యాట్ 18 శాతానికి చేరింది. దేశం కోలుకుంది, నిజమే. కోలుకోవడానికి అయిన ఖర్చు ఎవరి జేబులోంచి పోయిందన్నది ఓటరు ప్రశ్న.

ఇది డబ్బు లెక్కతో అయిపోయే విషయం కూడా కాదు. 2023 నవంబర్‌లో శ్రీలంక సుప్రీంకోర్టు ఆర్థిక పతనానికి రాజపక్స సోదరులూ, సెంట్రల్ బ్యాంకు మాజీ గవర్నర్లూ బాధ్యులని తేల్చింది. శిక్ష ఏమిటి? పిటిషన్ వేసినవాళ్లకి ఖర్చుల కింద తలా లక్షన్నర రూపాయలు. అంతే. క్యూలో నిలబడి ప్రాణం పోగొట్టుకున్నవాళ్లున్న దేశంలో ఆ తీర్పు ఎలా వినబడి ఉంటుందో ఊహించు. ఎన్నికలో గెలిచిన అనూర కుమార దిసనాయకే ప్రచారమంతా అవినీతి చుట్టూ, లెక్క తేల్చడం చుట్టూ నడిచింది. 2019లో ఆయనకి వచ్చింది 3.16 శాతం ఓట్లు. ఈసారి 42.31. ఆయన వామపక్ష పార్టీ జేవీపీ (జనతా విముక్తి పెరమున) 1971లోనూ, 1987-89లోనూ ఆయుధం పట్టిన పార్టీ. ఆ రక్తపాతం చూసిన తరం ఇంకా బతికే ఉంది. ఆ భయాన్ని కూడా పక్కనపెట్టి జనం ఆయన వైపు ఎందుకు వెళ్లారో చెప్పడానికి "ఆకలి" అన్న మాట చాలదు. ఒకసారి చెయ్యి కాల్చుకున్న జనం మళ్లీ ఆ పాత నాయకుల చేతుల్లోనే దేశాన్ని పెట్టదలచుకోలేదు. దేశాన్ని అప్పుల్లో ముంచడంలో పెద్ద పార్టీలన్నిటికీ చెయ్యి ఉంది. దిసనాయకే కూడా 2004-05లో కొంతకాలం వ్యవసాయ మంత్రిగా చేశాడు, ఆ విషయం దాచకు. కానీ అది పాత సంగతి, కుదేలైన ఏళ్లలో ఆయన అధికారంలో లేడు.

ఆ గెలుపుని "సునామీ" అన్నావు, ఆ మాట కొట్టెయ్. 2004 డిసెంబర్ తర్వాత ఆ దేశం గురించి రాసేటప్పుడు ఆ మాట ఊరికే వాడకూడదు. పైగా సెప్టెంబర్‌లో అలా ఊడ్చేసిన గెలుపేమీ రాలేదు. అక్కడ ఓటరు ఒకే పేరు ఎంచుకుని రావచ్చు, లేదా 1, 2, 3 అని వరస వేసి రావచ్చు. సగం ఓట్లు ఎవరికీ రాకపోవడంతో చరిత్రలో మొదటిసారి రెండో ప్రాధాన్యత ఓట్లు లెక్కపెట్టారు. అందులో దిసనాయకేకి కలిసొచ్చింది లక్ష పైన, ప్రత్యర్థి సజిత్ ప్రేమదాసకి లక్షా అరవై ఏడు వేల పైన. అంటే మొదట ఇంకెవరికో వేసి, తర్వాతి ఎంపికగా ఈ ఇద్దరిలో ఒకరిని రాసినవాళ్లలో ఎక్కువమంది సజిత్ వైపే మొగ్గారు. ఊడ్చేసిన గెలుపు నవంబర్ 14 పార్లమెంటు ఎన్నికది: దిసనాయకే కూటమికి 225లో 159 సీట్లు. నువ్వు రెండింటినీ ఒకే వాక్యంలో కలిపేశావు. విడదియ్యి. ఆ ఎనిమిది వారాల్లో జనం మనసులో జరిగిన మార్పే ఒక కథ.

ఆ మార్పు ఎక్కడ బాగా కనబడుతుందంటే జాఫ్నాలో. సెప్టెంబర్‌లో ఉత్తరాది తమిళ జిల్లాలు దిసనాయకేని నమ్మలేదు. నవంబర్‌లో జాఫ్నా జిల్లాలోని ఆరు సీట్లలో మూడు ఆయన కూటమికే దక్కాయి. "లంక ప్రజలు" అని నువ్వు ఏకవచనంలా వాడిన మాట అక్కడ నిలవదు. కొలంబోలో 2022 కొత్త అనుభవం. జాఫ్నా జనం యుద్ధకాలంలో ఆర్థిక దిగ్బంధంలో, ఇంధనం లేకుండా, కరెంటు లేకుండా ఏళ్లకేళ్లు బతికారు. వాళ్లకి క్యూ కొత్త కాదు. దక్షిణాది నాయకుణ్ని నమ్మడం కొత్త. సంక్షోభం ఒకటే అయినా అది ఎవరి గడపలోకి ఎలా వచ్చిందో వేరువేరుగా రాయాలి.

కారణాల పేరా కూడా కోవిడ్ దగ్గరే ఆగిపోయింది. 2019 చివర్లో వ్యాట్‌ని 15 నుంచి 8 శాతానికి తగ్గించి ఖజానాకి గండికొట్టారు. ఆ ఏడాది ఈస్టర్ బాంబు దాడులతో పర్యాటకం అప్పటికే దెబ్బతింది. తర్వాత కోవిడ్, అంతర్జాతీయ మార్కెట్లలో అప్పు పుట్టకపోవడం. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నపళంగా ఆపేశారు. ఇది మాత్రం నువ్వు విడిగా ఒక పేరా చెయ్యి. మీ నాన్నగారు యూరియా బస్తా కోసం పాస్‌బుక్కు పట్టుకుని నిలబడటం చూసి పెరిగినదానివి. దుబ్బు కట్టే సమయానికి పైరుకి ఎరువు అందకపోతే దిగుబడి ఏమవుతుందో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. నవంబర్‌లో నిషేధం ఎత్తేశారు గానీ అప్పటికి అదును దాటిపోయింది. బియ్యం తనకు తానే పండించుకునే దేశం విదేశాల నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది. కొలంబో నుంచి రాసేవాళ్లకంటే ఈ ముక్క నువ్వు బాగా రాయగలవు.

ఇక చివరి పేరాలో "మన రాష్ట్రమూ శ్రీలంక అవుతుందా" అని అడిగావు. తీసెయ్. 2022 నుంచి మన నాయకులు ఒకరి మీద ఒకరు విసురుకుంటున్న మాట అది. శ్రీలంక కూలింది డాలర్లు అయిపోయి. పెట్రోలు, మందులు, గ్యాస్ కొనడానికి చేతిలో విదేశీ మారకం లేక. ఒక రాష్ట్రానికి సొంత కరెన్సీ లేదు, దిగుమతులకి డాలర్లు పోగేసే బాధ్యతా లేదు. రాష్ట్రం అప్పులు పెరిగితే జీతాలు ఆలస్యమవుతాయి, కాంట్రాక్టర్ల బిల్లులు నిలిచిపోతాయి, రోడ్లు గుంతలు పడతాయి. అదీ బాధే, దాని మీద వేరే వ్యాసం రాయి. అది రాసేటప్పుడు లంకని భయపెట్టే బొమ్మలా వాడకు. రెండు కోట్ల మంది పడ్డ కష్టం మన ప్రెస్‌మీట్లకి సామెత అయిపోవడం నాకు కడుపు మండే విషయం.

మనకి అక్కడితో నిజమైన చుట్టరికం ఒకటుంది. అహికుంటక అనే పేరుతో పిలిచే సంచార జాతి వాళ్లు శ్రీలంకలో ఉన్నారు. పాములాడించడం, చేయి చూసి జాతకం చెప్పడం వాళ్ల పాత వృత్తులు. ఇళ్లలో మాట్లాడేది తెలుగు మాండలికం. వాళ్ల ఊళ్లు కొన్ని అనూరాధపురం జిల్లాలో ఉన్నాయి, దిసనాయకే పెరిగిన తంబుత్తేగమ కూడా ఆ జిల్లాలోనిదే. 2022లో వాళ్లు ఏం వండుకున్నారో, 2024లో ఎవరికి ఎందుకు వేశారో మన పత్రికల్లో ఎక్కడా నేను చదవలేదు. ఆ దేశం గురించి రాయడానికి నీకు సింహళం రాదు, తమిళం అంతంత మాత్రం అన్నావు. వాళ్లతో మాట్లాడటానికి ఆ రెండూ అక్కర్లేదు. యాస పట్టుకోవడానికి ఓ పూట పట్టొచ్చు, అంతే. వెళ్లే వీలుంటే వెళ్లు. కొలంబో విమానం చెన్నై నుంచి గంటన్నర లోపే.

వెళ్లలేకపోతే వ్యాసం ఆపేసుకోవద్దు. గ్యాస్ బండతో మొదలుపెట్టి, ఆ రెండేళ్లూ రాసి, ఎరువుల పేరా పెంచి, జాఫ్నాని విడదీసి, "మన రాష్ట్రం" పేరా పూర్తిగా కొట్టేసి మళ్లీ పంపు. ప్రతి ధర పక్కనా నెల, సంవత్సరం ఉండాలి. ఉగాది సంచికకి పంపే గడువులోపు నేను ఇంకోసారి చూసిపెడతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య