పోటీ సంస్థలను స్వాట్‌తో పోల్చడం ఎలా?

ప్రశ్న: కోకా-కోలా, పెప్సీకో సంస్థలకు విడివిడిగా స్వాట్ (బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పుల) పట్టికలు వేశాను. రెండూ దాదాపు ఒకేలా వచ్చాయి. వాటి వ్యూహాల్లోని తేడాను ఎలా రాబట్టాలి?
– ఎం.బి.ఏ. విద్యార్థి, గుంటూరు

జవాబు: మీరు ప్రతి బలాన్నీ విడిగా చూడటం వల్లనే పట్టికలు ఒకేలా వచ్చాయి. పేరున్న బ్రాండు ఇద్దరికీ ఉన్నప్పుడు పోటీలో అది ఎవరికీ బలం కాదు. ప్రత్యర్థికి లేనిదాన్ని, లేదా అతడు త్వరగా సమకూర్చుకోలేనిదాన్ని మాత్రమే బలంగా రాయాలి. పెప్సీకో 1965లో పెప్సీ-కోలా, ఫ్రిటో-లే సంస్థల కలయికతో ఏర్పడింది కనుక దానికి చిప్స్ వంటి చిరుతిళ్ల వ్యాపారమూ ఉంది; కోకా-కోలా దాదాపు పూర్తిగా పానీయాల మీదే నిలబడింది. అందువల్ల, చక్కెర విషయంలో జనంలో పెరుగుతున్న జాగ్రత్త ఇద్దరికీ ముప్పే అయినా, దాని దెబ్బ ఇద్దరికీ ఒకే తీరుగా తగలదు. (చిప్స్‌కు ఉప్పు, నూనెల ముప్పు వేరుగా ఉందన్నది మరవకండి.) నా దృష్టిలో ఈ పోలికకు ఆయువుపట్టు ఇదే.

కాలాన్నీ లెక్కలోకి తీసుకోండి. 1977లో భారతదేశం విడిచి వెళ్లిన కోకా-కోలా, 1993లో తిరిగి వచ్చేనాటికి పెప్సీ ఇక్కడ అమ్మకాల్లో ఉంది. ఆ వెనుకబాటును అది థమ్స్ అప్‌ను కొనుక్కుని, అంటే మన నాలుకలకు అప్పటికే అలవాటైన రుచిని సొంతం చేసుకుని పూడ్చుకుంది. కాబట్టి మీ పట్టికలో ప్రతి అంశం పక్కన సంవత్సరాన్నీ, దానికి ప్రత్యర్థి ఇచ్చిన ప్రతిస్పందననూ రాయండి.