తాడోబాకు వెళ్లాలా, పెంచ్‌కు వెళ్లాలా?

ఏప్రిల్ సెలవుల్లో మూడు రోజులు దొరుకుతాయి, ఇద్దరు పిల్లలు, అమ్మానాన్న కూడా వస్తారు, పులుల అడవి చూడటానికి హైదరాబాద్ నుంచి తాడోబా మేలా పెంచ్ మేలా, వీలైతే రెండూ చుట్టి రావచ్చా అని అడిగారు.

రెండూ కలపకండి. మ్యాపులో దగ్గరగానే కనిపిస్తాయి గానీ నాగపూర్‌కు దక్షిణాన తాడోబా, ఉత్తరాన పెంచ్. మొదటిసారి మేం ఆ పొరపాటే చేశాం. మధ్యలో ఒక రోజంతా కారులోనే పోయింది, ఒక్కో అడవిలో ఒక్కో సఫారీయే దక్కింది. ఉన్న మూడు రోజులూ ఒకేచోట ఉండి నాలుగు సఫారీలు చేయండి.

పులిని చూడటమే ముఖ్యమైతే తాడోబాకే వెళ్లండి. అక్కడ పులులు దట్టంగా ఉన్నాయి. పైగా వేసవిలో చిన్నచిన్న మడుగులు ఎండిపోతాయి, నీళ్లు మిగిలిన చోటికి అన్నీ రాక తప్పదు. రెండోసారి వెళ్లినప్పుడు మొహర్లీ గేటు దాటిన గంటలోపే ఒక ఆడపులి, వెనకభాగం నీళ్లలో ముంచి కూర్చుని కనిపించింది. మా అమ్మాయి ఊపిరి బిగబట్టి చూసింది. కాసేపట్లోనే పదిహేను జిప్సీలు చేరాయి. ఇక అక్కడి నుంచి ఆ పూటంతా పులి వెంట పరుగే. దారిలో ఎలుగుబంటి కనిపించినా బండి ఆగలేదు. తాడోబా చెరువుకు వెళ్లే దారి పొడవునా గోండు రాజుల కాలం నాటివని చెప్పే రాతి స్తంభాలున్నాయి. చెరువు గట్టున తారు అనే గోండు దేవుడి గుడి ఉంది. పులితో పోరాడి చనిపోయిన ఊరిపెద్దే తారు దేవుడయ్యాడని చెబుతారు, అడవికి ఆ పేరు ఆయన వల్లే వచ్చిందట. వాటి గురించి చెప్పమని మేమే అడిగి చెప్పించుకోవాల్సి వచ్చింది.

పెంచ్ తీరు వేరు. మధ్యప్రదేశ్ వైపున్న తురియా గేటు దాటాక టేకు చెట్లు ఆకు రాల్చేసి ఉంటాయి, చూపు చాలా దూరం పోతుంది. మధ్యమధ్య తెల్లగా మెరిసే తపసి చెట్లు. వెన్నెల్లో మరీ తెల్లగా కనిపిస్తాయని గైడ్లు వాటిని దెయ్యం చెట్లంటారు. మన దగ్గర అడవుల్లో గిరిజనులు తపసి బంక తీసేది ఈ చెట్టు నుంచే. నాలుగు సఫారీల్లో మాకు పులి ఒక్కసారే కనిపించింది, అదీ గడ్డిలో చెవులు కదిలినంత. కానీ రెండోరోజు పొద్దున రేచుకుక్కల గుంపు ఒక దుప్పిని తరుముతూ మా బండి ముందు నుంచే దాటింది. మొరుగు లేదు. ఒకదాన్నొకటి ఈల వేసి పిలుచుకుంటున్నట్టు కూస్తూ పరుగెత్తాయి. ఇంటికొచ్చాక మా అమ్మాయి నెలరోజులు బొమ్మలు వేసింది ఆ కుక్కలవే, పులివి కాదు. ఇంకోచోట చెట్టు మీద కొండముచ్చు అరవగానే కింద దుప్పులన్నీ ఒకే దిక్కుకు తల తిప్పాయి. గైడు ఇంజను ఆపించి పావుగంట మమ్మల్ని ఊరికే విననిచ్చాడు.

మీ పిల్లలకు ఇదే మొదటి అడవి అన్నారు కాబట్టి నేనైతే పెంచ్ అంటాను. పులి కనబడకపోతే వాళ్లు బాగా బాధపడతారు అనుకుంటే మాత్రం తాడోబా.

ప్రయాణానికి రెండింటికీ ఒకే రైలు ఉంది. సికింద్రాబాద్–నాగపూర్ వందే భారత్ చంద్రాపూర్‌లో ఆగుతుంది, మొహర్లీకి అక్కడే దిగాలి. పెంచ్‌కైతే నాగపూర్‌లో దిగి కారులో సుమారు 90 కిలోమీటర్లు వెళ్లాలి. రైలు కాగజ్‌నగర్ దాటేటప్పుడు పిల్లలకు కిటికీలోంచి చూపించండి. తాడోబా పులులు నడిచి మన కాగజ్‌నగర్ అడవులకు, అక్కడి నుంచి కవ్వాల్ వైపు వచ్చేది ఆ ప్రాంతం మీదుగానే. నాగపూర్ దాటాక 44వ జాతీయ రహదారి అడవిలో స్తంభాల మీదికి లేస్తుంది. జంతువులు కింద నుంచి దాటడానికి తొమ్మిది చోట్ల అలా కట్టారు, అన్నిటికన్నా పెద్దది 750 మీటర్లు. కింద నుంచి పులులు వెళ్లడం కెమెరాల్లో పడింది కూడా.

టికెట్లు అటవీశాఖ వెబ్‌సైట్లోనే, వీలైనంత ముందుగా తీసుకోండి. ఒక రిసార్టు వాళ్లు పులి గ్యారంటీ అని చెప్పి మా దగ్గర దాదాపు రెట్టింపు వసూలు చేశారు. ఆ మాట ఎవరు చెప్పినా నమ్మకండి. తాడోబాకు మంగళవారం సెలవు, మధ్యప్రదేశ్ వైపు పెంచ్‌లో బుధవారం మధ్యాహ్నం సఫారీ ఉండదు. గుర్తింపు కార్డులు అసలువే తీసుకెళ్లండి.

అమ్మానాన్నలకు పొద్దున సఫారీలు చాలు, సాయంత్రం బండి ఎక్కే వేళకు ఎండ మండిపోతుంటుంది. జిప్సీలో వాళ్లను వెనక వరుసలో మాత్రం కూర్చోబెట్టకండి. కుదుపులకు మా అమ్మ నడుం రెండు రోజులు పట్టేసింది.