ఆగినప్పుడు వేడెక్కి, వేగంగా వెళ్తే చల్లబడే ఇంజిన్‌కు హెడ్ గాస్కెట్ పోయినట్లేనా?

మీ కారు సిగ్నళ్ల దగ్గర వేడెక్కి, రోడ్డు ఖాళీగా ఉన్నచోట మళ్లీ మామూలు స్థితికి వస్తోందని, థర్మోస్టాట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని వేడిని బట్టి వదిలే వాల్వు) మార్చినా ఫలితం లేకపోవడంతో మెకానిక్ హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకు, దాని పై భాగమైన హెడ్‌కు మధ్య ఉండే సీలు) పోయిందంటున్నారని రాశారు. ఇంజిన్ విప్పడానికి ఒప్పుకునే ముందు, అది ఎప్పుడు వేడెక్కుతోందో గమనించండి. నా దృష్టిలో మీరు రాసిన ఆ మొదటి వాక్యంలోనే సగం సమాధానం ఉంది.

కారు వేగంగా వెళ్తున్నప్పుడు రేడియేటర్‌ను చల్లబరచడానికి ఎదురుగాలి సరిపోతుంది. ఆగినప్పుడు ఆ గాలిని ఫ్యానే లాగాలి. అందుకే ఆగినప్పుడు మాత్రమే ఇంజిన్ వేడిని చూపే ముల్లు పైకి పోతుంటే, మొదట ఫ్యాన్‌ను, దాని ఫ్యూజును, రిలేను (ఫ్యాన్‌కు కరెంటు అందించే స్విచ్), వైరింగును అనుమానించాలి. ట్రాఫిక్‌లో బాగానే ఉండి, హైవే మీదో ఘాట్ ఎక్కేటప్పుడో వేడెక్కే బండి సంగతి వేరు. అక్కడ రేడియేటర్ లోపల పూడిపోయిందా, వాటర్ పంపు సరిగా తిప్పుతోందా అన్నది చూడాలి.

నా పాత కారులోనూ ఇవే లక్షణాలు ఉండేవి. చూసిన ప్రతివారూ ఫ్యాన్ తిరుగుతోంది కదా అని దాన్ని వదిలేశారు. అది తిరిగే మాట నిజమే కానీ, ముల్లు బాగా పైకి వెళ్లాక ఒక్కసారిగా పెద్ద హోరుతో మొదలయ్యేది. ఇంజిన్ నడుస్తుండగా ఏసీ వేయించి, బానెట్ తెరిచి చూస్తే ఫ్యాన్ కదలనే లేదు. రెండు వేగాలతో పనిచేసే ఆ ఫ్యాన్‌కు తక్కువ వేగాన్నిచ్చే రెసిస్టర్ కాలిపోయిందని అప్పుడు తేలింది. ఫ్యాన్ చట్రానికి బిగించిన ఆ చిన్న భాగాన్ని ఊడదీస్తే, లోపలి తీగ నల్లబడి తెగిపోయి కనిపించింది. చాలా కార్లలో ఏసీ వేసిన కాసేపటికే ఫ్యాన్ మొదలవుతుంది కాబట్టి ఈ పరీక్ష మీరే చేయవచ్చు. ఏసీతో తిరిగి, వేడికి మాత్రం తిరగకపోతే మోటారు బాగున్నట్లే; ఇంజిన్ వేడిని కొలిచే సెన్సార్‌ను, దాని కనెక్షన్‌ను చూడాలి. ఒక జాగ్రత్త: కొన్ని కార్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాన్ తిరగవచ్చు, చేతులు దూరంగా ఉంచండి.

ఫ్యాన్ బాగుంటే తర్వాత చూడవలసినది రేడియేటర్ మూత. నీరు, కూలెంట్ సమపాళ్లలో కలిపిన ద్రవం మామూలు ఒత్తిడిలో సుమారు 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. మూత అదనంగా 1 బార్ ఒత్తిడి నిలిపితే ఆ హద్దు 125 డిగ్రీలు దాటుతుంది. మూత రబ్బరు అరిగితే ద్రవం ముందే మరిగి రిజర్వు డబ్బాలోకి పోతుంది. మూతను ఇంజిన్ పూర్తిగా చల్లారాకే తీయాలి. వేడి మీద తీస్తే మరిగే ద్రవం ముఖం మీదికి చిమ్ముతుంది. ఏసీ కండెన్సర్‌కు, రేడియేటర్‌కు మధ్య పేరుకున్న దుమ్మును కూడా ఒకసారి చూడండి.

మీ మెకానిక్ అనుమానాన్ని కొట్టిపారేయలేము. పదేపదే వేడెక్కితే హెడ్ వంగి, గాస్కెట్ నిజంగానే పోతుంది. అయితే అందుకు గుర్తులుంటాయి: లీకు కనబడకుండానే కూలెంట్ తగ్గడం, ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోవడం, ఆయిల్ పాలు కలిపినట్లు మారడం, రాత్రంతా చల్లారిన ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే రేడియేటర్ పై గొట్టం గట్టిపడటం. వీటిలో ఏదైనా ఉంటే, విప్పే ముందు నీలిద్రవంతో చేసే రసాయన పరీక్ష అడగండి. రేడియేటర్ నుంచి వచ్చే గాలిలో పొగవాయువు ఉంటే ఆ ద్రవం రంగు మారుతుంది. పెట్రోలు ఇంజిన్ అయితే పసుపు రంగుకు వస్తుంది.

మరొక విషయం అడిగి తెలుసుకోండి. థర్మోస్టాట్ మార్చాక కూలెంట్ నింపినప్పుడు లోపలి గాలిని పూర్తిగా బయటకు పంపారా? ముల్లు పైన ఉండగా హీటర్ వేస్తే చల్లగాలి వస్తోందంటే, లోపల గాలి చిక్కుకుందనో, కూలెంట్ తక్కువగా ఉందనో, అది సరిగా ప్రవహించడం లేదనో అర్థం. వేడిగాలే వస్తుంటే కూలెంట్ తిరుగుతున్నట్లే కాబట్టి, మళ్లీ ఫ్యాన్ వైపే వెళ్లండి.