షాపువాళ్లు వేసిన ర్యామ్‌తో వారంటీ పోయిందా?

ప్రశ్న: మాది ఒడిశా, రాయగడ జిల్లా గుణుపూర్. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తూ ఇల్లు నడుపుకుంటున్నాను. ఏడు నెలల కిందట విజయనగరంలో ల్యాప్‌టాప్ కొన్నాను. కంపెనీ నుంచి వచ్చింది 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. షాపువాళ్లే ఇంకో 8 జీబీ వేసి, ఎస్‌ఎస్‌డీ తీసి 1 టీబీది పెట్టి, అన్నిటికీ ఏడాది వారంటీ అన్నారు. బిల్లులో ‘ల్యాప్‌టాప్ 16 జీబీ, 1 టీబీ’ అని ఒకే లైను ఉంది. ఇప్పుడు ఆన్ కావడం లేదు. బయటి ర్యామ్ వేశారు కాబట్టి వారంటీ రాదని సర్వీస్ సెంటర్ అంటోంది. షాపువాళ్లు కంపెనీని అడగమంటున్నారు. ఇక్కడ కేసు వేయొచ్చా? 1 టీబీ డిస్క్ 931 జీబీయే చూపించేది, అదీ మోసమేనా?

జవాబు: బిల్లులోని ఆ ఒక్క లైనే మీకు పెద్ద బలం. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ విడిగా రాసి ఉంటే ‘మీరు అడిగితే బిగించాం’ అని షాపు తప్పుకోజూసేది. ఇక్కడ 16 జీబీ, 1 టీబీ ల్యాప్‌టాప్‌గానే అమ్మింది. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం సెక్షన్ 15 ప్రకారం ఇచ్చిన సరుకు చెప్పిన వర్ణనకు తగ్గట్టు ఉండాలి. సెక్షన్ 16 కింద నాణ్యత బాధ్యత కూడా అమ్మినవారి మీద పడుతుంది. ఏడాది వారంటీ అన్నది నోటిమాటే అయితే రుజువు కష్టం. వాట్సాప్‌లో ధర, వివరాలు పంపి ఉంటే ఆ ఫోన్‌ను, సందేశాలను జాగ్రత్తగా దాచండి.

కంపెనీ మాటనూ అలాగే ఒప్పేసుకోవద్దు. ముందు వారంటీ కార్డు చదవండి. చాలా కార్డుల్లో బయటి భాగం వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదని ఉంటుంది. భాగం వేసినంత మాత్రాన మొత్తం రద్దవుతుందని రాయడం వేరు. అదనపు ర్యామ్ తీసేసి, కంపెనీ ర్యామ్‌తోనే పరీక్షించి, ఏ భాగం పోయిందో, దానికీ ఆ ర్యామ్‌కూ సంబంధం ఏమిటో జాబ్‌షీట్‌లో (సర్వీస్ సెంటర్ ఇచ్చే రిపేరు వివరాల కాగితం) రాసివ్వమని అడగండి. ర్యామ్ తీయగానే ఆన్ అయితే వేలు షాపు వైపు చూపిస్తుంది. అప్పటికీ ఆన్ కాక, మదర్‌బోర్డు పోయిందని తేలితే కంపెనీ నిరాకరణ బలహీనపడుతుంది. ఈలోగా ఊళ్లో మెకానిక్‌తో మాత్రం విప్పించకండి. ఎవరు పాడుచేశారన్న వాదన అక్కడ మొదలైతే కేసు చేతికి చిక్కదు.

ఇంకో సంగతి. తీసిన 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఎక్కడుంది? దాని విలువ ధరలో తగ్గించలేదంటే అది మీ సొత్తు. నోటీసులో దాన్నీ అడగండి.

కేసు రాయగడ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. కొన్న ఊరు వేరే రాష్ట్రమైనా ఫిర్యాదుదారు నివసించే చోట వేసే హక్కును 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ఇచ్చింది. రూ. 5 లక్షలలోపు సరుకుకు ఫీజు లేదు. గడువు, సెక్షన్ 69 ప్రకారం, కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు. షాపును, కంపెనీని, సర్వీస్ సెంటర్‌ను ముగ్గురినీ చేర్చండి. ఒకరిని వదిలితే తప్పంతా వారిదేనని మిగతావాళ్లు అంటారు. వ్యాపారానికి కొన్నారు కాబట్టి వినియోగదారు కాదని అభ్యంతరం తప్పకుండా వస్తుంది. స్వయం ఉపాధితో బతకడానికే వాడే సరుకు ‘వాణిజ్య ప్రయోజనం’ కిందికి రాదని సెక్షన్ 2(7) వివరణలో ఉంది. ఆ మాట ఫిర్యాదులోనే రాయించండి.

ప్రొడక్ట్ లయబిలిటీ (లోపమున్న సరుకు వల్ల కలిగిన హానికి బాధ్యత) కింద నష్టపరిహారం అడగమని కొందరు సలహా ఇస్తారు. అది మీకు పనికిరాదు. సెక్షన్ 2(22)లోని ‘హాని’లో ఆ సరుకుకే కలిగిన నష్టం చేరదు. సరుకులో లోపం, సేవాలోపం అని రాసి, సెక్షన్ 39 కింద రిపేరు లేదా మార్పిడి లేదా డబ్బు వాపసు, దాంతోపాటు పరిహారం కోరండి.

ముందు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చట్టం తప్పనిసరి చేయకపోయినా పంపితే మేలు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు కూడా తీసుకోండి. తెలుగు సందేశాలకు ఇంగ్లిష్ అనువాదం జతచేయండి. లోపాన్ని ల్యాబ్‌లో తేల్చాలని కమిషన్ అనుకుంటే ఆ ఫీజు ముందు మీరే కట్టాలి. జాబ్‌షీట్‌లో కారణం స్పష్టంగా ఉంటే చాలావరకు ఆ ఖర్చు తప్పుతుంది.

931 జీబీ విషయంలో మోసం లేదు. తయారీదారు లెక్కలో 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ దాన్ని 1024 లెక్కన భాగించి చూపిస్తుంది. 512 జీబీ అలాగే 476 అవుతుంది. ఈ అంశాన్ని ఫిర్యాదులో పెడితే మిగతా వాదన పలచబడుతుంది.

మళ్లీ కొనేటప్పుడు డబ్బా మీది లేబుల్‌లోనే కావలసిన ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న మోడల్ చూడండి. ఎల్పీడీడీఆర్5 రకం ర్యామ్ సాధారణంగా బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచలేరు. డీడీఆర్4 రకం ర్యామ్ స్లాట్‌లో డీడీఆర్5 రకం పట్టదు. షాపులోనే వేయించక తప్పకపోతే ఆ భాగం పేరు, సీరియల్ నంబరు, దాని వారంటీ, తీసిన పాత భాగం మీకు ఇచ్చినట్టు, అన్నీ బిల్లుమీద రాయించుకోండి.