మూడేళ్ళ గడువు ముగిసేలోపు దావా వేయాలా, జీపీఏ తీసుకోవాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగిని. రానూపోనూ రోజుకు మూడు గంటలు ట్రాఫిక్‌లోనే పోయేది. మా చిన్నబ్బాయికి ఆస్తమా. గాలి, నీరు బాగుండే ఊరని మైసూరు వెళ్ళిపోదామనుకున్నాం. అక్కడ ఇల్లు కొనడానికి 2022 నవంబరు 10న అగ్రిమెంట్ రాసుకున్నాం. ధర 62 లక్షలు. బయానాగా బ్యాంకు ద్వారా 14 లక్షలు, నగదుగా 6 లక్షలు ఇచ్చాను. 2023 మే 15 లోపు రిజిస్ట్రేషన్ చేస్తామని అందులో ఉంది. ఆ జూన్‌లోనే పిల్లలను మైసూరు బడిలో చేర్పించి, అప్పటినుంచి అద్దె ఇంట్లో ఉంటున్నాం. అమ్మేవారు మైసూరులో స్థిరపడ్డ తెలుగువారే, వయసు 71. మొదట ఖాతా (కర్ణాటకలో స్థానిక సంస్థ ఉంచే ఆస్తి రికార్డు) తన పేరుకు మారలేదన్నారు, తర్వాత దాని ఆన్‌లైన్ రూపమైన ఈ-ఖాతా రాలేదన్నారు. ఇప్పుడు ఇంకో 30 లక్షలు ఇస్తే జీపీఏ (తన తరఫున వ్యవహారాలు చూసే అధికారం ఇచ్చే పత్రం), నోటరీ చేసిన కొత్త అగ్రిమెంట్ ఇచ్చి ఇంటి తాళం ఇస్తానంటున్నారు. మా ఆవిడ తీసుకుందామంటోంది. బంధువు ఒకరు హైదరాబాద్‌లోనే చీటింగ్ కేసు పెట్టమంటున్నారు. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, మైసూరు

జవాబు: మీరు ఆరు పేజీలు రాశారు. అందులో ఐదు పేజీలు హైదరాబాద్ ఎందుకు వదిలారో, మైసూరులో బాబు ఆరోగ్యం ఎలా కుదుటపడిందో, మాట తప్పిన మనిషి మీద మీకెంత బాధగా ఉందో చెప్పడానికే సరిపోయాయి. రిజిస్ట్రేషన్ గడువు తేదీ మాత్రం ఒక్క వాక్యంలో, అదీ ఆరో పేజీలో ఉంది. మీ కేసు మొత్తం ఆ వాక్యంలోనే ఉంది.

అగ్రిమెంట్ ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించమని కోరుతూ వేసే దావాను స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావా అంటారు. 1963 నాటి లిమిటేషన్ చట్టం 54వ ఆర్టికల్ దీనికి మూడేళ్ళ గడువు ఇచ్చింది. ఒప్పందంలో తేదీ రాసి ఉంటే ఆ తేదీ నుంచి, రాయకపోతే అవతలివారు చేయనన్న సంగతి మీకు తెలిసిన రోజు నుంచి లెక్క. మీ కాగితంలో తేదీ ఉంది కాబట్టి మూడేళ్ళూ 2026 మే 15తో అయిపోతాయి. మీ ఉత్తరం నాకు చేరేసరికి మార్చి సగం దాటింది. ఉన్నది రెండు నెలలు.

"ఆయన ఫోన్లో వాయిదాలు అడుగుతూనే ఉన్నారు కాబట్టి గడువు పొడిగినట్టే కదా" అని రాశారు. అలా అనుకోకండి. నోటిమాటగానూ గడువు పొడిగించుకోవచ్చు గానీ, కోర్టులో దాన్ని రుజువు చేయాల్సింది మీరు. ఆయన "నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు" అంటే మీ చేతిలో ఏముంది? బాధ్యతను ఒప్పుకుంటూ రాతపూర్వకంగా, సంతకంతో, పాత గడువు తీరకముందే ఇస్తే ఆ సంతకం నాటి నుంచి కొత్తగా మూడేళ్ళు మొదలవుతాయని లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. మే 16న ఇచ్చిన సంతకం ఆ సెక్షన్ కిందికి రాదు. లాయర్ నోటీసు పంపినా, పోలీసు స్టేషన్ చుట్టూ తిరిగినా గడువు ఆగదు. మే నెలలో సివిల్ కోర్టులకు వేసవి సెలవులుంటాయి. ఆఖరి రోజు సెలవులో పడితే కోర్టు తెరిచిన రోజున వేయవచ్చన్న వెసులుబాటు చట్టంలో ఉంది, కానీ దాని మీద ఆధారపడకండి. ఏప్రిల్ దాటకుండా దావా నంబరు చేతికి రావాలి.

ఇక జీపీఏ సంగతి. వద్దు. ఇంట్లోవాళ్ళు ఎంత ఒత్తిడి చేసినా వద్దు. జీపీఏ, అగ్రిమెంట్, వీలునామా కాగితాలతో స్థిరాస్తి మీద యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది. యాజమాన్యం రిజిస్టరు అయిన సేల్ డీడ్‌తోనే వస్తుంది. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు. తాళం చేతిలో ఉంటే ఎవరూ కదిలించలేరనుకుంటున్నారేమో. ఆస్తి బదిలీ చట్టానికి 2001లో వచ్చిన సవరణ తర్వాత, అగ్రిమెంట్ రిజిస్టరు కాకపోతే స్వాధీనం ఇచ్చారన్న రక్షణ కూడా మీకు దొరకదు. పైగా ఆయనకు 71 ఏళ్ళు. మామూలు జీపీఏ, ఇచ్చిన మనిషి చనిపోతే ఆ మనిషితోనే పోతుంది. ఆ తర్వాత మీరు మాట్లాడాల్సింది ఆయన వారసులతో.

నన్ను ఎక్కువ భయపెట్టింది మాత్రం ఆ "కొత్త అగ్రిమెంట్". పాతదాని స్థానంలో కొత్తది రాసుకుంటే పాతదాన్ని అమలు చేయనక్కరలేదని కాంట్రాక్టు చట్టం 62వ సెక్షన్ అంటోంది. ఆ కాగితంలో ఎక్కడో "మునుపటి అగ్రిమెంట్ రద్దయినది" అని ఒక వాక్యం ఉంటే, 62 లక్షల ధరా, మీ పాత హక్కూ మీ సంతకంతోనే పోతాయి. ఇంటి ధర కోటి దాకా వెళ్ళిందని మీరే రాశారు. మూడేళ్ళు తిప్పిన మనిషి ఈ రెండు నెలల్లోనే తాళం ఎందుకు ఇస్తానంటున్నారో ఒక్కసారి ఆలోచించండి.

చీటింగ్ కేసు కూడా మీకు దారి కాదు. మొదటి రోజు నుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని రుజువు కావాలి. తర్వాత మాట తప్పడం ఒక్కటే చాలదు. సివిల్ తగాదాలను క్రిమినల్ కేసులుగా మార్చవద్దని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. ఇక రిజిస్ట్రేషన్ కోసం దావా ఇల్లు ఉన్న చోటే వేయాలి, అంటే మైసూరులో. బయానా కోసం హైదరాబాద్‌లో ముందు ఒక దావా, రిజిస్ట్రేషన్ కోసం తర్వాత ఇంకొకటి అనే ఆలోచన కూడా వద్దు. ఒకే కారణం మీద అడగాల్సినవన్నీ ఒకే దావాలో అడగాలి. వదిలేసినదాన్ని మళ్ళీ అడగనివ్వరు.

సాక్ష్యం విషయంలో మిమ్మల్ని కొంచెం మందలించక తప్పదు. కర్ణాటకలో ఉన్న ఇంటికి హైదరాబాద్‌లో కొన్న వంద రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంట్ రాసుకున్నారు. ఆ కాగితాన్ని మైసూరు కోర్టులో పెట్టాలంటే కర్ణాటక చట్టం ప్రకారం సుంకంలో తక్కువైనది కట్టాలి. ఎదుటివారి లాయరు అభ్యంతరం చెప్పినా చెప్పకపోయినా, దానికి పదింతల దాకా పెనాల్టీ పడవచ్చు. అది కట్టాకే కాగితాన్ని సాక్ష్యంగా తీసుకుంటారు. ఆరు లక్షలు నగదుగా ఇచ్చి రసీదు తీసుకోలేదు. "మన తెలుగువాళ్ళే కదా" అని రాశారు. పరాయి ఊళ్ళో మన భాష వినబడితే ప్రాణం లేచొస్తుంది, నిజమే. డబ్బు ఇచ్చేటప్పుడు మాత్రం రసీదు అడగాలి. ఇప్పుడు ఆ ఆరు లక్షలకు మీ బ్యాంకు నుంచి డబ్బు తీసిన పద్దు, మధ్యవర్తి సాక్ష్యం తప్ప ఆధారం లేదు. రెండు లక్షలు, ఆపైన నగదు ఇచ్చామని దావాలో చెబితే ఆదాయపన్ను శాఖకు కోర్టు తెలియజేయాలని సుప్రీంకోర్టు 2025లో ఆదేశించింది. అలాగని ఆ మొత్తాన్ని దాచకండి, పెంచి కూడా చెప్పకండి. నిజం ఉన్నదున్నట్టు చెప్పి, ఆ డబ్బు ఎక్కడిదో చూపించే కాగితాలు సిద్ధం చేసుకోండి.

దీనికన్నా పెద్ద లోపం ఇంకొకటి. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి 2018లో వచ్చిన సవరణ తర్వాత స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ కోర్టు దయ మీద ఆధారపడేది కాదు. అయినా మీరు మీ వంతు నెరవేర్చడానికి మొదటినుంచీ సిద్ధంగా ఉన్నారని మాత్రం రుజువు చేయాలి. హైదరాబాద్ శివారు ప్లాటు అమ్మి 42 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేశారు, బాగుంది. అందులోంచి 2024లో 11 లక్షలు తీసి కారు కొన్నానని రాశారు. ఎదుటివారి లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదట పట్టుకునేది దాన్నే. వెంటనే గృహరుణం కోసం దరఖాస్తు చేసి, తక్కువైన మొత్తానికి బ్యాంకు మంజూరు పత్రం తీసుకోండి. కోర్టు ఆదేశిస్తే తప్ప డబ్బు డిపాజిట్ చేయనక్కరలేదు, కానీ ఉందని చూపించగలగాలి. మిగిలిన ఎఫ్‌డీని తీర్పు వచ్చేదాకా ముట్టుకోకండి.

మీకు బలం కూడా ఉంది. "ఈ-ఖాతా అయిపోగానే రిజిస్ట్రేషన్ చేద్దాం" అని ఆయన పంపిన వాట్సాప్ మెసేజిలు ఉన్నాయన్నారు. ఆలస్యం ఆయన వైపు నుంచేనని అవి చెబుతాయి. ఆ ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. స్క్రీన్‌షాట్లు తీసి పెడితే చాలదు. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. పాత చట్టంలో 65బి అని వినే ఉంటారు, అదే ఇప్పుడు ఇలా మారింది.

ఈ వారంలోనే మైసూరులో సివిల్ కేసులు చూసే లాయరును కలవండి. నేను ఇక్కడినుంచి సలహా ఇవ్వగలను గానీ, మీ అసలు అగ్రిమెంట్‌ను ప్రతి పదం చదివే మనిషి అక్కడ కావాలి. మొదట కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్లో ఆ ఇంటి ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీయించి, మూడేళ్ళలో ఇంకెవరికైనా అమ్మారా, తాకట్టు పెట్టారా అని చూడండి. అమ్మి ఉంటే కొన్నవారిని కూడా ప్రతివాదిగా చేర్చాలి. మిగతా సొమ్ము సిద్ధంగా ఉందనీ, ఫలానా తేదీన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు రావాలనీ పది రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఆ తేదీన మీరు వెళ్ళండి, వెళ్ళినట్టు రుజువు ఉంచుకోండి. జవాబు కోసం పదకొండో రోజు కూడా ఆగకండి.

దావాలో రిజిస్ట్రేషన్ అడగండి. అది కుదరకపోతే బయానా వడ్డీతో వాపసు ఇప్పించమని ప్రత్యేకంగా రాయించండి. అడగకపోతే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 22వ సెక్షన్ కింద అది ఇవ్వరు. ఆ బయానాకు ఇంటి మీద ఛార్జి (ఆ ఇంటి నుంచి సొమ్ము రాబట్టుకునే హక్కు) ఉందని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం ప్రకటించమని కూడా కోరండి. తప్పు కొన్నవారిది కానప్పుడు ఆ ఛార్జి అమలుకు పన్నెండేళ్ళ గడువు ఉంటుంది. దానితో దక్కేది డబ్బే, ఇల్లు కాదు. దావాతో పాటే ఇల్లు అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్ అడగండి. కోర్టు ఫీజు 62 లక్షల మీద లెక్కగడతారు కాబట్టి ఆ డబ్బు ఇప్పుడే పక్కన పెట్టుకోండి.

ఈ లోపు ఆయన రిజిస్ట్రేషన్‌కు నిజంగానే ఒప్పుకుంటే, అదే 62 లక్షల ధరకు, సబ్‌రిజిస్ట్రార్ ముందు, మిగతా సొమ్ము బ్యాంకు డీడీతో కట్టి ముగించుకోండి. ఆయనకు గడువే కావాలంటే, మే 15 లోపే పాత అగ్రిమెంట్ వెనకాలే తన బాధ్యతను ఒప్పుకుంటూ రాసి, తేదీ వేసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేయమనండి. విడిగా ఏ కాగితం మీదా మీరు సంతకం పెట్టకండి.